పసుపు పూసుకున్న ముద్దాయి

పోయిన వారం మనం నందును మేడమీద, ఆరేసిన చీరల మధ్య, వదిన ముందు తల వంచుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. ఆ తర్వాత అతను మెట్లు దిగాడు, అన్నం తిన్నాడు, పడుకున్నాడు గానీ ఆ తల మాత్రం ఎత్తలేదు.

"కోర్టుల మీ అన్న ఒప్పుకునేలోపు నువ్వు నోరిప్పాలె నందూ. నువ్వు ఇప్పకపోతే నేను ఇప్పుత" అంది వదిన లావణ్య. ఆమె అరిచి ఉంటే నందు కూడా ఏదో ఒకటి ఎదురు చెప్పేవాడే. ఆమె తడి బట్టలకు క్లిప్పులు పెడుతూ, రేపటి కూర సంగతి చెప్పినట్టు చెప్పింది.

ఇంతకీ నందు దాచిన సంగతి ఇది. లాల్‌దర్వాజాలో వాళ్ల గల్లీ చివర చిన్న పోచమ్మ గుడి ఉంది. ఆ గుడి బోనాలకు అమ్మవారి తమ్ముడు పోతురాజుగా వేషం కట్టే హక్కు తాతల నాటి నుంచి వాళ్ల ఇంటిది. తండ్రి పోయాక అది పెద్దవాడు అంజన్‌కు వచ్చింది. పొద్దున అమ్మవారి ముందు ఎవరి చేతికి కంకణం కడతారో, ఒళ్లంతా పసుపు పూసుకుని కొరడా తిప్పుతూ సాయంత్రం దాకా ఆ మనిషే ఆడాలి. మధ్యలో మనిషి మారితే ఆ ఇంటికి హక్కు పోయినట్టే. తర్వాత వరస పెదనాన్న కొడుకు నగేష్‌ది. నగేష్ ఆ హక్కు కోసం ఎంతగా ఎదురు చూస్తున్నాడో గల్లీలో పిల్లలకు కూడా తెలుసు.

ఈ ఏడాది బోనాల మధ్యాహ్నం ఎగిరి దూకినప్పుడు అంజన్ మోకాలు మెలిపడింది. గుడి వెనక బర్రెల కొట్టంలో గడ్డి మీద కూలబడి, తమ్ముడి చెయ్యి పట్టుకుని "నువ్వు పూసుకోరా" అన్నాడు. పసుపు కలిపి పూసింది లావణ్య. మొహం నిండా పసుపు, నుదుటి నిండా కుంకుమ, పళ్ల మధ్య నిమ్మకాయ. ఇక ఎవరూ పోల్చలేరనుకున్నారు ముగ్గురూ. నిజంగానే ఎవరూ ఏమీ అనలేదు. నందు అన్నకంటే బాగా ఆడాడు కూడా.

చిక్కంతా సాయంత్రం వచ్చింది. కంకణం ఉన్నది అంజన్ చేతికి. దాన్ని పూజారి విప్పే వేళకు అసలు మనిషి గుడిలో ఉండాలి. ఆలోపు నందు కొట్టానికి చేరి, మళ్లీ అన్నతో చోటు మార్చుకోవాలి. ఊరేగింపు ఎక్కడో పక్క బస్తీలో ఉండిపోయింది. నందు, అక్కడే పెట్టి ఉన్న అన్న స్కూటర్ తీసుకుని, హెల్మెట్ లేదు, అమ్మవారికి సాక పెట్టి భక్తులు నోట్లో పోసిన కల్లు కడుపులో ఉంది, అడ్డదారిన కొట్టానికి పరిగెత్తించాడు. మలుపులో యూనుస్‌ను గుద్దాడు. పక్క గల్లీలో మగ్గం పని చేసే యూనుస్ కుడిచేతి మీద పడ్డాడు. నందు ఆగాడు, చూశాడు, వెళ్లిపోయాడు. ఆగితే జనం పోగవుతారు, పోగైతే పసుపు వెనక ఎవరున్నారో చూస్తారు.

మలుపులో ఉన్న కెమెరాలో పసుపు మనిషీ, అంజన్ స్కూటరూ పడ్డాయి. ఆ గల్లీ పోతురాజు ఎవరని పోలీసులు ఎవరిని అడిగినా ఒకటే పేరు. అంజన్ స్టేషన్‌కు వెళ్లి "నేనే" అన్నాడు. తమ్ముడికి బస్సు డ్రైవర్ ఉద్యోగం వచ్చిన వారమది. కేసు పడితే ఆ ఉద్యోగం ఉండదు. మరి అంజన్‌కు కూడా బతుకుతెరువు పాలవ్యాన్ నడపడమేననీ, శిక్ష పడితే లైసెన్సు పోతుందనీ నందుకు తెలియదా? బాగా తెలుసు. తెలిసే ఊరుకున్నాడు. బోనాలు పోయాయి, దసరా పోయింది, అతను ఇంకా ఊరుకునే ఉన్నాడు.

ఇవాళ కేసు పిలుస్తారు.

నయాపూల్ దగ్గరి ఆ కోర్టు వరండాలో బండి కేసుల రోజున కాలు పెట్టే చోటుండదు. రాంగ్ రూటులో వచ్చినవాళ్లు, తాగి నడిపినవాళ్లు, లైసెన్సు లేని కొడుక్కి బండి తాళం ఇచ్చి ఇప్పుడు చేతులు నలుపుకుంటున్న తండ్రులు. తాగి దొరికినవాళ్ల పక్కన వాళ్ల భార్యలు కూర్చుని ఉంటారు. తాగేటప్పుడు పక్కనున్న స్నేహితుల్లో ఒక్కడూ కనబడడు. అందరి మొహాల్లోనూ ఒకటే మాట రాసి ఉంటుంది, ఊరంతా చేస్తుంటే నేనే దొరకాలా అని. నందు మొహంలో మాత్రం అది లేదు. అతను దొరకలేదు కదా.

వకీలు మురళి చెమట తుడుచుకుంటూ వచ్చాడు. నల్లకోటు ఒక భుజం మీదే ఉంది. అంజన్‌ను పక్కకు తీసుకెళ్లాడు గానీ గొంతు తగ్గించే అలవాటు లేదతనికి.

"చూడు అంజన్, ఒప్పుకుంటే ఇయ్యాళ్లనే అయిపోతది. గుద్దుడు వరకైతే ఫికర్ లేకుండె. గుద్ది ఆగకుండ పోయినవు చూడు, గా ముచ్చటకు జడ్జి మేడంకు కోపమొస్తది. నాలుగు దినాలు లోపలేసినా ఏస్తది. లైసెన్సు మాత్రం పోయినట్టే అనుకో. సరేనా?"

"సరే సార్" అన్నాడు అంజన్.

"నోరు తెరిచి ఇంకేం చెప్పకు. ఒప్పుకుంటున్న అను, తల దించుకో."

"అట్లనే సార్."

అతను కుంటుకుంటూ వచ్చి తమ్ముడి పక్కన గోడకు ఆనుకున్నాడు. మోకాలు ఇంకా పూర్తిగా వంగదు. ఆ రోజు నుంచి సరిగా చూపించుకోలేదు. చూపించుకుంటే ఎప్పుడు దెబ్బ తగిలిందని డాక్టరు అడుగుతాడు, ఆ జవాబు నలుగురి చెవినా పడుతుంది.

"అన్నా" అన్నాడు నందు.

"ఏంది?"

"నేను చెప్త అన్నా. ఇంక నాతోని గాదు."

అంజన్ ఇటూ అటూ చూశాడు. కాస్త దూరంలో బల్లమీద తల్లి పుష్పమ్మ, ఆమె పక్కన లావణ్య. వాళ్ల వెనక నగేష్. పిలవకుండానే వచ్చాడు. "ఇంటి మనిషి కోర్టుకు పోతుంటే నేను రాకుంటనా చిన్నమ్మా" అని పుష్పమ్మతో అన్నాడట.

"ఊకో" అన్నాడు అంజన్ పళ్ల మధ్య నుంచి. "పదిమందిల లొల్లి పెట్టకు. నీ నౌకరి పోతది, బాపు ఇచ్చిపోయిన పోతురాజు గూడ పోతది. రెండు పోగొట్టి నువ్వు సాధించేది ఏంది? నా ఒక్కనితోని అయిపోయేదానికి?"

"నీ లైసెన్సు?"

"మురళి సార్ వ్యాన్ నడిపేటోన్ని సూస్త అన్నడు. నువ్వు మంచిగ జీతం తెచ్చుకో. అమ్మను సూస్కో. అంతే."

నందుకు ఏడుపొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ ఏడుపులో కొంచెం ఊరట కూడా ఉంది. అన్న వద్దంటున్నాడు, నేనేం చేయను అనే పాపిష్టి ఊరట. అది తన లోపల ఉందని తెలిసినప్పుడు అతనికి తనమీద అసహ్యం వేసింది. అసహ్యం వేసినా అక్కడే నిలబడ్డాడు గానీ కదల్లేదు.

"నందూ బేటా, జర ఇటు రా."

నందు తిరిగి చూశాడు. కిటికీ కింద కుర్చీలో యూనుస్ కూర్చుని ఉన్నాడు. ఇన్ని నెలల్లో నందు ఆ మనిషి ఎదుట పడలేదు. పక్క గల్లీలోంచి పోతే రెండు అంగల్లో చేరే చోటుకు కూడా చుట్టూ తిరిగి పోయాడు. ఇప్పుడు తిరిగి పోవడానికి కోర్టు వరండాలో మరో దారి లేదు.

యూనుస్ నీళ్ల సీసా చాపాడు. "ఈ మూత తియ్యి. నాతోని అయితలేదు."

నందు మూత తీసి ఇచ్చాడు. యూనుస్ ఎడమచేత్తో తాగాడు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. కట్టు ఎప్పుడో విప్పేశారు గానీ వేళ్లు సగం ముడుచుకుని అలాగే ఉన్నాయి.

"డాక్టర్ ఏమన్నడు చాచా?" అన్నాడు నందు. ఏదో ఒకటి అడగాలి కదా.

యూనుస్ సీసా దించి అతని మొహంలోకి చూశాడు. "మళ్ల అన్నవు" అన్నాడు.

"ఏంది?"

"చాచా అని. ఆ పొద్దు గూడ గదే అన్నవు. నేను కింద పడ్డ. నువ్వు బండి ఆపినవు. 'చాచా, మాఫ్ జెయ్యి' అన్నవు. మళ్ల బండెక్కి పోయినవు. యాదికుందా?"

నందుకు గుర్తుంది. గుర్తు లేకపోవడమేమిటి, పడుకుంటే చాలు అదే మాట తన గొంతుతోనే వినిపిస్తోంది. నిమ్మకాయ ఉమ్మేసి అన్న మాట అది. ఆ మాట అన్నాడు కాబట్టి తాను మరీ అంత చెడ్డవాడిని కాదని కూడా ఒకటి రెండుసార్లు అనుకున్నాడు.

"మీ గల్లీల నన్ను చాచా అనేటోళ్లు మస్తుమంది ఉన్నరు" అన్నాడు యూనుస్. "అంజన్ మాత్రం అనడు. వాడు మాటలు నేర్చినప్పటి సంది నన్ను యూనుస్ భాయ్ అనే పిలుస్తడు. మీ నాయన అట్ల పిలుస్తుండె. పొట్టిగున్నప్పుడు వాడు గదే పట్టుకున్నడు. నవ్వేటోళ్లం అందరం. ఆ పొద్దు పసుపు పూసుకున్నోడు చాచా అన్నడంటే, వాడు అంజన్ కాదు. అంజన్ బండి మీద, అంజన్ ఏషంల ఇంకెవడుంటడు బేటా?"

నందు అటూ ఇటూ చూసి దగ్గరికి వంగాడు. "మీకు అప్పుడే తెలిసిందా?"

"పడ్డ కాడనే తెలిసింది."

"మరి పోలీసులకు ఎందుకు చెప్పలే?"

"ఎవరు గుద్దిండ్రని అడిగిర్రు. పోతురాజు అని చెప్పిన. అండ్ల ఝూట్ ఏముంది?" యూనుస్ సీసాను కుర్చీ కింద పెట్టాడు. "నువ్వు దవాఖానకు వస్తవనుకున్న. తలుపు దిక్కే సూసుకుంట పండిన. మీ అన్న వచ్చిండు, పండ్లు పట్టుకొని, కుంటుకుంట. 'తప్పు నాది భాయ్' అని నా మంచం పట్టుకొని ఏడ్చిండు. వాని మొహం మీద నేను ఏం చెప్పాలె? నువ్వు కాదురా భాయ్, ఇంటికి పో అని చెప్పాలెనా?"

"చాచా..."

"బండి అన్నంక గుద్దుడు ఎవలతోనైనా అయితది. అల్లా రాసిండు, ఇరిగింది. ఇప్పుడు మగ్గం కాడ నా బిడ్డ ఫరీహా కూసుంటున్నది. పోనీ, పని నేర్సుకున్నది. నాకు గది కాదు బాధ. నువ్వు నన్ను సూసి పోయినవు. సూడకుండ పోయినా బాగుండు."

కోపం లేకుండా చెప్పాడు. ఈమధ్య నందుతో ఎవరూ కోపంగా మాట్లాడటం లేదు. ఎవరైనా చెంప మీద ఒక్కటిస్తే బాగుండునని అతనికి అనిపించింది.

"లోపల మిమ్ములను అడిగితే?" అన్నాడు చివరికి.

"అడిగితే ఉన్నది చెప్త. అడగకపోతే ఊకుంట. నువ్వు చెప్పాల్సిన మాట నేనెందుకు చెప్త? నా చెయ్యి పోయింది గానీ, నీ నోరు పోలే గదా."

అప్పుడే తలుపు దగ్గర అటెండరు అంజన్ పేరు పిలిచాడు.

లోపల మేజిస్ట్రేటు ఒక పెద్దమనిషితో మాట్లాడుతోంది. నడివయసు ఆవిడ, కళ్లద్దాలు, జలుబు చేసిన గొంతు. ఎర్రలైటు దాటినందుకు వచ్చిన ఆ పెద్దమనిషి తన బండికి బ్రేకులు సరిగా లేవని వాదిస్తున్నాడు. "అయితే బ్రేకులు లేని బండి నడిపినందుకు ఇంకో కేసు రాయమంటారా?" అని అడిగిందావిడ. ఆయన చప్పున నేరం ఒప్పుకున్నాడు. గదిలో నవ్వులు వినిపించాయి. ఆ నవ్వుల మధ్యలో అంజన్ కుంటుకుంటూ వెళ్లి బోనులో నిలబడ్డాడు.

నందు వెనక వరసలో కూర్చున్నాడు. అటుపక్క తల్లి, తర్వాత లావణ్య. ముందువరస కొసన యూనుస్. తన వెనక నగేష్ ఊపిరి వినబడుతోంది.

మేజిస్ట్రేటు కాగితాలు చదివింది. "బోనాల రోజు సాయంత్రం స్కూటర్‌ను వేగంగా, నిర్లక్ష్యంగా నడిపి, యూనుస్ అనే వ్యక్తిని గుద్ది చెయ్యి విరగ్గొట్టారు. ఆగి సాయం చేయకుండా, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారు." ఆవిడ కళ్లద్దాల మీదుగా చూసింది. "పండగ చేసుకోండి, వేషం కట్టండి, ఎవరొద్దన్నారు? పడిపోయిన మనిషిని రోడ్డు మీద వదిలేసి పోవడానికి మనసెలా వచ్చిందండీ మీకు?"

అంజన్ తల వంచుకున్నాడు. ఆ మాట తగలాల్సింది వెనక వరసలోని మనిషికి. తగిలింది కూడా. నందు లేవబోయాడు. ఇంట్లో దేవుడి పటం వెనక పెట్టిన ఉద్యోగం కాగితం కళ్లముందు మెదిలింది. నగేష్ కొరడా పట్టుకుని తమ ఇంటి ముందు ఆడుతున్నట్టు కనబడింది. ఇంకొక్క నిమిషం అనుకున్నాడు.

"నేరం ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటున్న మేడం."

అయిపోయింది. వదిన పెట్టిన గడువు ఆ మాటతో దాటిపోయింది. నందు భయం భయంగా ఆమె వైపు చూశాడు. లావణ్య అతన్ని చూడటం లేదు. ఒళ్లోని సంచి తీసి పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, లేవడానికి ముందు బల్ల మీద చెయ్యి ఆనించింది.

అప్పుడు లేచాడు నందు. ధైర్యం వచ్చి లేచాడని రాయడానికి నాకు మనసొప్పదు. వదిన తనకంటే ముందు లేస్తుందేమోనన్న సిగ్గు అతన్ని లేపింది. ఎలా లేచినా లేచాడు.

"మేడం, గుద్దింది మా అన్న కాదు. నేను."

మురళి చేతిలోని ఫైలు కింద పడింది. వెనక నగేష్ "ఏందీ?" అన్నాడు పైకే.

"మీరెవరు?" అంది మేజిస్ట్రేటు.

"తమ్మున్ని మేడం. నందు. ఆ పొద్దు మా అన్న మోకాలు మెలిపడ్డది. ఆయన బదులు నేను పసుపు పూసుకున్న. బండి నేనే నడిపిన. కల్లు గూడ తాగి ఉన్న. చాచాను గుద్దిన, ఆగిన, మళ్ల పోయిన. ఎవరన్న గుర్తు పడ్తరని పోయిన." మాటలు ఒకదానిమీద ఒకటి పడుతూ వచ్చేశాయి. అన్నీ చెప్పాక ఒళ్లు తేలికవుతుందని ఎవరో చెప్పారతనికి. అదేం కాలేదు.

అంజన్ బోను కర్ర గట్టిగా పట్టుకున్నాడు. "అబద్ధం మేడం! వాడు నా మీద పాణంతోని గట్ల చెప్తున్నడు. వాడు పోతురాజు ఎట్ల అయితడు? కంకణం నా చేతికే ఉండె. గల్లీ మొత్తాన్ని అడగుండ్రి."

మేజిస్ట్రేటు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "అన్న కోసం తమ్ముడు, తమ్ముడి కోసం అన్న. నాకిది కొత్త కాదు. నెలకు ఒక జంట వస్తుంది. ఆ రోజు వేషం కట్టింది అంజన్ అని మీ వీధివాళ్లే పోలీసులకు చెప్పారు. కెమెరాలో మొహం తెలియదు. మీరు చెప్పేది నిజమని నేనెలా నమ్మాలి, నందు గారూ?"

నందు బిక్కచచ్చిపోయాడు. నిజం చెప్పడమే కష్టమనుకున్నాడు ఇన్నాళ్లూ. చెప్పిన నిజాన్ని ఎవరూ నమ్మరన్న సంగతి అతనికి తట్టనేలేదు.

యూనుస్ లేచాడు. "మేడం సాబ్, దెబ్బ తాకింది నాకే. నన్ను గుద్దినాయన నన్ను చాచా అన్నడు. అంజన్ నన్ను భాయ్ అంటడు, ఎప్పటికీ."

"ఈ ఊళ్లో మిమ్మల్ని చాచా అనేవాళ్లు ఎంతమంది ఉంటారు?"

యూనుస్ నిజాయితీగా ఆలోచించాడు. "మస్తుమంది ఉంటరు" అని ఒప్పుకుని కూర్చున్నాడు.

"పసుపు నేను పూసిన మేడం" అంటూ లావణ్య నిలబడింది. "ముద్దాయికి మీరేమవుతారు?" అని అడిగింది మేజిస్ట్రేటు. "భార్యను" అనగానే ఆవిడ పెదవి విరిచింది. "భార్య భర్తను కాపాడుకోకుండా ఎలా ఉంటుంది? కూర్చోండమ్మా."

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. మురళి అంజన్‌కు కళ్లతో ఏవో సైగలు చేస్తున్నాడు. మేజిస్ట్రేటు కలం తీసుకుంది. ఆ కలం కదిలితే అన్న నేరస్థుడు. ఆ సంగతి గదిలో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు.

"ఆ పొద్దు నేను కాళ్లకు నీళ్లు పోసిన మేడం."

అన్నది పుష్పమ్మ. ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు.

"మా ఇంటి ముందలికి పోతురాజు వచ్చిండు. గడప కాడ పసుపు నీళ్లతోని కాళ్లు కడిగి మొక్కిన. అమ్మోరి తమ్ముడు గదా, కొడుకైనా మొక్కాలె. నా చేతులతోని కడిగిన ఆ కాళ్లు."

నందు కళ్లముందు ఆ క్షణం వచ్చి నిలబడింది. వాన చినుకులు, డప్పుల మోత, తల్లి చెంబు వంచి పాదాల మీద నీళ్లు పోస్తోంది. ఎడమపాదం మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. చిన్నప్పుడు కొట్టంలో బర్రె తొక్కి, నందు ఎడమ బొటనవేలు గోరు లేకుండా లోపలికి తిరిగిపోయి ఉంటుంది. ఆ వేలు పట్టుకుని నెలల తరబడి పసుపూ నూనే రాసింది ఆ చెయ్యే. ఆ రోజు ఆమె తల ఎత్తి చూడలేదు. పాదాలకు నుదురు ఆనించి లోపలికి వెళ్లిపోయింది. గుర్తుపట్టలేదులే అని ఊపిరి పీల్చుకున్నాడు నందు.

"ఎవరి కాళ్లమ్మా అవి?" అని అడిగింది మేజిస్ట్రేటు. ఈసారి ఆవిడ గొంతులో విసుగు లేదు.

పుష్పమ్మ ఇద్దరు కొడుకుల్లో ఒక్కరి వైపూ చూడలేదు.

"కన్నదాన్ని మేడం, నాకు తెల్వదా? పోలీసులు పెద్దోన్ని తీస్కపోయిన నాడు గూడ తెల్సు. తెల్సే ఊకున్న. చిన్నోనికి నౌకరి వచ్చింది, అది పోవద్దని ఊకున్న. పెద్దోడు ఏదైనా మోస్తడు, ఎప్పటికీ వాడే మోసిండు, ఇది గూడ మోస్తడులే అని ఊకున్న. కడుపుల పెట్టుకొని ఇద్దరికీ అన్నం పెట్టిన." ఆమె ముందుకు రెండడుగులు వేసింది. "నమ్మకపోతే ఇద్దరినీ చెప్పులు ఇడ్వమనుండ్రి. ఏ కాలో నేను చూపిస్త."

అంజన్ తల్లి వైపు చూసిన చూపు నందు జన్మలో మరిచిపోలేడు. అందులో కోపం లేదు. ఇంత కాలం తల్లికి తెలియకూడదని ఎన్ని అబద్ధాలాడాడో, అవన్నీ ఆమె వింటూ కూర్చుందని అప్పుడే తెలిసినవాడి చూపు అది.

నందు వెళ్లి అన్న పక్కన నిలబడ్డాడు. వంగి ఎడమ బూటు తాడు విప్పసాగాడు.

"వద్దురా" అంటూ అంజన్ అతని చెయ్యి పట్టుకోవడానికి వంగబోయాడు. మోకాలు వంగలేదు. నొప్పికి మొహం అంతా ముడుచుకుపోయి, బోను కర్రను పట్టుకుని అలాగే సగంలో ఆగిపోయాడు.

మేజిస్ట్రేటు ఆ మోకాలినీ, బూటులోంచి బయటికొచ్చిన ఆ వంకర బొటనవేలినీ మార్చి మార్చి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కలం మూత పెట్టి పక్కకు పెట్టింది.

"సరే. నమ్ముతున్నాను" అంది.

వెనక తలుపు చప్పుడైంది. నగేష్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని బయటికి పోతున్నాడు. సాయంత్రానికల్లా గల్లీలో తెలియనివాళ్లుండరు. నందు అది చూశాడు, కానీ పట్టించుకోలేదు. అన్న బయటపడ్డాడు, అది చాలు. అన్ని నెలల తర్వాత మొదటిసారి అతను తల ఎత్తాడు.

మేజిస్ట్రేటు కాగితాల్లోంచి ఒకటి బయటికి తీసి అటెండరుకు ఇచ్చింది. అతను దాన్ని తెచ్చి అంజన్ ముందు పట్టుకున్నాడు.

"అంజన్ గారూ, గుద్దింది మీరేనని పోలీసులకు మీరిచ్చిన వాంగ్మూలం ఇది. కింద సంతకం మీదేనా?"

మురళి కింద పడ్డ ఫైలు కాగితాలు ఏరుకుంటూ తల పైకెత్తాడు. ఈసారి ఏం చెప్పమని సైగ చెయ్యాలో అతనికి కూడా తోచలేదు.

"నాదే మేడం" అన్నాడు అంజన్.

"అబద్ధమని తెలిసే చేశారు."

"అవును మేడం."

"మీ ఇంట్లో ఆడవాళ్లిద్దరికీ కూడా తెలుసు. అబద్ధం చెప్పి నేరస్థుణ్ని కాపాడటమూ నేరమే, దానికి వత్తాసు పలికినవాళ్ల సంగతీ తేలాలి." మేజిస్ట్రేటు గోడ పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ వైపు తిరిగింది. "స్టేషన్‌కు కబురు చేయండి. కేసు రాసిన అధికారి మధ్యాహ్నం నా ముందు ఉండాలి. అప్పటిదాకా ఈ నలుగురిలో ఒక్కరు కూడా ఈ గది దాటి వెళ్లకూడదు."

అన్నను విడిపించాననుకున్న నందు, ఒక కాలికి బూటుతో, ఒక కాలు వట్టిగా పెట్టుకుని, కానిస్టేబుల్ వచ్చి వదిన పక్కన, తల్లి పక్కన నిలబడటం చూస్తూ ఉండిపోయాడు.